రెండు పటాలు: పాఠశాల విజ్ఞానంలో చిత్రకళ స్థానం – ఒక నైతిక విచారణ

ఉపోద్ఘాతం

తెలుగులో ‘పటం’ అనే మాట రెండు వేర్వేరు లోకాల్లో వాడుకలో ఉంది. పాఠశాల పరీక్షపత్రాల్లో ‘పటం గీసి భాగాలను గుర్తించండి’ అనే ప్రశ్న అందరికీ పరిచితమే. అక్కడ పటమంటే గుండె, కన్ను, పుష్పం నిలువుకోత, విద్యుత్ వలయం. తెలంగాణ పల్లెల్లో కూనపులి కళాకారుడు పద్మశాలీల ముందు విప్పే బొమ్మల చుట్టను కూడా పటమనే అంటారు. అక్కడ పటమంటే మార్కండేయ పురాణం. సంస్కృతంలో ‘పట’ శబ్దానికి గుడ్డ అని అర్థం. గుడ్డమీద గీసిన బొమ్మ, దేశపటం, గోడకు వేలాడే దేవుని పటం అన్నీ క్రమంగా ఈ ఒక్క మాట కిందికి చేరాయి.

మాట ఒకటే అయినా ఈ రెండు పటాలు చేసే పని వేరు. పరీక్షపత్రంలో పటం జవాబు చివర వస్తుంది. విద్యార్థి చదివినదాన్ని గుర్తుంచుకున్నాడనడానికి సాక్ష్యంగా నిలుస్తుంది. కథకుని చేతిలో పటం ముందు వస్తుంది. అది విప్పుకుంటేనే కథ సాగుతుంది. మొదటిది తెలిసిన విషయాన్ని నిర్ధారిస్తుంది, రెండవది తెలియని లోకంలోకి దారి చూపుతుంది.

విజ్ఞానశాస్త్రం, గణితం, సాంఘికశాస్త్రం మొదలైన పాఠ్యాంశాల్లో దృశ్యకళను సమన్వయించాలన్న ఆలోచన ఇటీవల విద్యావిధానంలో స్థిరపడింది. 2020 జాతీయ విద్యావిధానం కళాసమన్వయాన్ని వివిధ పాఠ్యాంశాలకు వర్తించే బోధనా పద్ధతిగా గుర్తించింది. ఎలా సమన్వయించాలన్నది బోధనాశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. సమన్వయించేటప్పుడు కళపట్ల, బాలలపట్ల, ఆ కళను తరతరాలుగా కాపాడినవారిపట్ల మన బాధ్యత ఏమిటన్నది నైతిక ప్రశ్న. ఈ వ్యాసం రెండవ ప్రశ్నకు పరిమితమవుతుంది. పాఠాన్ని ప్రశ్నించే, అవసరమైతే సరిదిద్దే అధికారం చిత్రానికి లభించినప్పుడే ఆ సమన్వయం న్యాయసమ్మతమవుతుందన్నది ఇందులోని ప్రతిపాదన.

సమస్య స్వరూపం

ఈ చర్చ మనకు కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధిపత్రం ఆధారంగా రూపొందిన విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఏడు విద్యాప్రమాణాలను పేర్కొన్నాయి. వాటిలో ఐదవది బొమ్మలు గీయడం, నమూనాలు తయారుచేయడం ద్వారా భావప్రసారం చేయడం. ఆరవది అభినందించడం, సౌందర్యాత్మక స్పృహ కలిగి ఉండడం. ఒక జీవశాస్త్ర పుస్తకం సౌందర్య స్పృహను విషయావగాహనతోనూ ప్రయోగాలతోనూ ఒకే వరుసలో నిలపడం తెలుగు విద్యాచరిత్రలో గుర్తుంచుకోవలసిన విషయం.

అయితే ప్రమాణం కాగితంమీద ఉండడం వేరు, తరగతి గదిలో దాని స్థితి వేరు. ఇక్కడ ఒక స్వీయానుభవాన్ని ఉదాహరణగా చెప్పక తప్పదు. కాజీపేటలో నేను చదువుకున్న బడి ప్రహరీ పక్కన మందార చెట్టు ఉండేది. పుష్పం పాఠం చెప్పిన వారంలో నేను ఒక పువ్వును కోసి, చూసి, చూసినట్టే బొమ్మ గీశాను. కేసరాలు విడివిడిగా నిలబడకుండా కీలం చుట్టూ గొట్టంలా కలిసిపోయి ఉన్నాయి, అలాగే గీశాను. పుస్తకంలో ఉన్నది మరొక నమూనా పుష్పం. బొమ్మ తప్పని మార్కులు తగ్గాయి. మందారంలో కేసరాలు నిజంగానే గొట్టంగా కలిసి ఉంటాయని, వృక్షశాస్త్రంలో ఆ లక్షణానికి ఏకబంధక కేసరాలని పేరుందని తర్వాత ఇంటర్మీడియట్‌లో తెలిసింది. మార్కులు దిద్దిన ఉపాధ్యాయురాలిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నలభై ఐదు నిమిషాల్లో అరవై మంది పుస్తకాలు చూడవలసిన వ్యవస్థలో పటాన్ని పటంతో పోల్చడం మినహా ఆమెకు వేరే దారి లేదు. కాని అక్కడ జరిగింది ఏమిటి? చూపు ఓడిపోయింది, నకలు గెలిచింది. విజ్ఞానశాస్త్రానికి ప్రాణమైన ప్రత్యక్ష పరిశీలన విజ్ఞానశాస్త్రపు తరగతిలోనే తప్పుగా లెక్కకు వచ్చింది.

కళాసమన్వయం పేరుతో నేడు సాధారణంగా కనిపించేది దీనికి మరో రూపం. నీటిచక్రాన్ని చార్టుమీద రంగుల్లో వేయడం, సౌరకుటుంబాన్ని థర్మోకోల్ బంతులతో చేయడం, అంచులకు ముగ్గు దిద్దడం. ఈ పనులు పిల్లలకు ఆనందమిస్తాయి. ఆ ఆనందాన్ని తక్కువ చేయనవసరం లేదు. అయితే బొమ్మ వేయకముందు తెలియని ఏ విషయం వేశాక తెలిసిందన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు.

అంగాంగిభావం: అలంకారశాస్త్రం చూపే దారి

ఈ స్థితిని వివరించడానికి మన అలంకారశాస్త్రంలోనే తగిన పరిభాష ఉంది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్యోతంలో వ్యంగ్యం ప్రధానమైన కావ్యాన్ని, వ్యంగ్యం అప్రధానమైన కావ్యాన్ని వివరించి, ఈ రెండూ కానిదాన్ని ‘చిత్రం’ అన్నాడు. అది ముఖ్యమైన కావ్యం కాదని, కావ్యానికి అనుకరణ మాత్రమేనని అతని నిర్ణయం. మమ్మటుడు దాన్ని అవర కావ్యంగా లెక్కించాడు. రూపమంతా ఉండి లోపల స్ఫురించే అర్థం లేకపోవడం దాని లోపం. రంగులద్దిన నీటిచక్రం చార్టు సరిగ్గా ఈ అర్థంలో ‘చిత్రం’: అది కళకు అనుకరణ, విజ్ఞానానికీ అనుకరణే.

ప్రాణంలేని రచనకు ఆలంకారికులు చిత్రమని పేరు పెట్టడంలో చిత్రకళపట్ల ఒక చిన్నచూపు కూడా దాగి ఉంది. దీనికి భిన్నమైన దృష్టి విష్ణుధర్మోత్తర పురాణం తృతీయ ఖండంలో కనిపిస్తుంది. వజ్రుడనే రాజు ప్రతిమా నిర్మాణం నేర్పమని అడిగితే, చిత్రం తెలియనిదే ప్రతిమ తెలియదని మార్కండేయుడు చెబుతాడు. చిత్రానికి నృత్యం, నృత్యానికి వాద్యం, వాద్యానికి గానం కావాలని వరుసగా వెనక్కు తీసుకుపోతాడు. ఈ సంవాదాన్ని కళల పరస్పరాశ్రయానికి నిదర్శనంగా తరచు ఉదాహరిస్తారు. అందులోని నైతికాంశం అంతగా చర్చకు రాలేదు. రాజు కోరింది ఒక ఫలితం. గురువు ఆ ఫలితాన్ని నేరుగా ఇవ్వకుండా, దానికి ఆధారమైన ప్రతి విద్యనూ దాని స్థానంలో నిలిపి గౌరవించాడు. ఒక విద్య మరొక విద్యకు ఉపకరిస్తుందని చెప్పడం దాన్ని సేవకురాలిని చేయడం కాదు. అది లేనిదే ఇది లేదని ఒప్పుకోవడం.

ప్రబంధంలో అంగిరసం, అంగరసాలు ఉంటాయి. అంగంగా ఉండడం అవమానం కాదు. వీరం అంగిగా ఉన్న కావ్యంలో కరుణం అంగంగా వచ్చినా ఆ సన్నివేశంలో అది కరుణంగానే పండాలి. వీరానికి రంగు పూయడానికి వచ్చిన కరుణం ఎవరినీ కదిలించదు. విజ్ఞాన పాఠంలో చిత్రకళ అంగంగా ఉండవచ్చు. కాని అది చిత్రకళగా పండాలి. అంటే చూడడం, ఎంపిక చేయడం, వదిలేయడం, నిష్పత్తిని నిర్ణయించడం అనే కళాకార్యాలు అందులో నిజంగా జరగాలి.

చిత్రతురగ న్యాయం: పటం ఎలాంటి జ్ఞానం?

ఈ కళాకార్యాలు విజ్ఞాన బోధనకు ఎందుకు అవసరమన్నది తర్వాతి ప్రశ్న. దీనికి శంకుకుడి చిత్రతురగ న్యాయం ఉపకరిస్తుంది. రససూత్ర వ్యాఖ్యలో అతడు ఇచ్చిన ఉదాహరణను అభినవగుప్తుడు మనకు అందించాడు. బొమ్మ గుర్రాన్ని చూసి ‘ఇది గుర్రం’ అనుకునే జ్ఞానం సమ్యక్ జ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానం కాదు, సంశయం కాదు, సాదృశ్యజ్ఞానమూ కాదు, వీటన్నింటికీ విలక్షణమైనది. నాటకంలో రాముణ్ణి చూసే ప్రేక్షకుని అనుభవాన్ని వివరించడానికి శంకుకుడు దీన్ని చెప్పాడు. అది పాఠ్యపుస్తకంలోని పటానికి కూడా వర్తిస్తుంది.

గుండె పటంలో ఆక్సిజన్ ఉన్న రక్తాన్ని ఎరుపులోనూ, ఆక్సిజన్ తగ్గిన రక్తాన్ని నీలంలోనూ చూపుతారు. మనిషి శరీరంలో నీలిరక్తం లేదు. ఆక్సిజన్ తగ్గిన రక్తం ముదురు ఎరుపు. ఆ నీలం ఒక సంకేతం. కాని సంకేతమని ఎవరూ చెప్పకపోవడంతో సిరల్లో నీలిరక్తం పారుతుందని నమ్మే విద్యార్థులు కళాశాల స్థాయిలోనూ కనిపిస్తారు. సౌరకుటుంబం పటంలో సూర్యుడూ గ్రహాలూ ఒకే పుటలో ఇమడడానికి దూరాలను కుదించక తప్పదు. పరమాణు కేంద్రకం చుట్టూ వలయాకార కక్ష్యలు గీస్తారు. వీటిని అబద్ధాలనలేం, ఉన్నది ఉన్నట్టు చూపే నిజాలనీ అనలేం. అవి చిత్రతురగాలు. వాటిని నిజమని నమ్మిన విద్యార్థి మోసపోతాడు. అబద్ధమని తోసిపుచ్చిన విద్యార్థి నేర్చుకోలేడు. ప్రతి పటం వెనుక ఒక ఎంపిక ఉందని గ్రహించిన విద్యార్థికే పటం చదవడం వస్తుంది. ఆ గ్రహింపు ఒక నిర్వచనాన్ని కంఠస్థం చేస్తే కలగదు. తానే బొమ్మ గీస్తూ ఏ రంగు, ఎంత దూరం, ఏది వదలాలి అని తేల్చుకున్నప్పుడు కలుగుతుంది.

కాజీపేట వాసులకు దీనికొక ఉదాహరణ ప్రతిరోజూ కళ్లముందు ఉంటుంది. ఈ జంక్షనులో సికింద్రాబాదు నుంచి వచ్చే మార్గం ఒకవైపు బల్లార్షాకు, మరొకవైపు విజయవాడకు చీలుతుంది. పాదచారుల వంతెనమీద నిలబడి చూస్తే రెండు పట్టాలు దూరంగా పోయి ఒక బిందువు దగ్గర కలిసినట్టు కనిపిస్తాయి. గణిత పుస్తకం సమాంతర రేఖలు ఎన్నటికీ కలవవంటుంది. చిత్రలేఖన ఉపాధ్యాయుడు కలిపి గీయమంటాడు. ఎవరి మాట నిజం? ఇద్దరిదీ నిజమే, ఒకరు ఉన్నదాని ధర్మం చెబుతున్నారు, మరొకరు చూపు ధర్మం చెబుతున్నారు. ఈ రెండింటి తేడాను పన్నెండేళ్ల వయసులో గ్రహించిన విద్యార్థికి గణితం, చిత్రం రెండూ ఒకేసారి పట్టుబడతాయి. అతనికి సత్యం గురించి ఒక తొలి తాత్విక పాఠం కూడా అందుతుంది.

విజ్ఞానశాస్త్ర చరిత్రలోనూ ఇందుకు నిదర్శనాలున్నాయి. 1609లో ఇంగ్లండులో థామస్ హారియట్ దూరదర్శినితో చంద్రుణ్ణి చూసి బొమ్మ గీశాడు. వెలుగునీడల సరిహద్దు వంకరటింకరగా ఉందని గుర్తించాడు గాని అవి కొండలనీ లోయలనీ పోల్చుకోలేదు. అదే ఏడాది చివర గెలీలియో అదే చంద్రుణ్ణి చూసి, నీడల పొడవులోంచి పర్వతాలను చదివాడు. 1610లో ఆ బొమ్మలను ప్రచురించాడు. ఫ్లోరెన్సు చిత్రకళా సంప్రదాయంలో వెలుగునీడల చిత్రణ పరిచయం కావడమే గెలీలియో చూపుకు ఆ శక్తినిచ్చిందని కళాచరిత్రకారుడు శామ్యూల్ ఎడ్జర్టన్ వాదించాడు. ఈ వాదనను అంగీకరిస్తే, ఇక్కడ కళ విజ్ఞానాన్ని అలంకరించలేదు. పరికరం చూపించినదాన్ని కన్ను గుర్తుపట్టేట్టు చేసింది.

చేర్యాల పటం: జ్ఞానం ఎవరిది?

ఇంతవరకు చర్చ కళకు జరిగే న్యాయం గురించి. కళాకారునికి జరిగే న్యాయం దీనికంటే కఠినమైన ప్రశ్న. కాజీపేట నుంచి హైదరాబాదు దారిలో జనగామ దాకా పోయి పక్కకు తిరిగితే చేర్యాల వస్తుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో ఉంది. ఇక్కడి నకాషీ కుటుంబాలు కులపురాణాలు చెప్పే ఆశ్రిత కులాలవారికి పటాలు రాసి ఇచ్చేవి. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివారు, గొల్లలకు చెప్పే మందహెచ్చులు, ముదిరాజులకు చెప్పే కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు ఈ పటాలమీద ఆధారపడినవారు. సుమారు మూడడుగుల వెడల్పుతో, ముప్పై నలభై అడుగులకు పైబడిన పొడవుతో ఉండే పటాన్ని అడ్డవరుసలుగా విభజిస్తారు. కథకుడు ఒక్కొక్క వరుస విప్పుతూ, కర్రతో చూపుతూ పాడతాడు.

ఈ పటం తయారీలో ఎంత విజ్ఞానం ఉందో చూడాలి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి మూడు పూతలు పూసి, ఒక్కొక్క పూతనూ ఆరనిస్తారు. నూలుపోగుల మధ్య సందులు మూసుకుపోయి రంగు పాకకుండా నిలుస్తుంది. వందలసార్లు చుట్టి విప్పినా పగలకుండా ఉండే గుణం వస్తుంది. తెలుపుకు శంఖు, నలుపుకు దీపపు మసి, పసుపుకు పేవుడి, నేపథ్యపు ఎరుపుకు ఇంగిలీకం సంప్రదాయ వనరులు. చింతగింజలోని పిండిపదార్థపు జిగట, మట్టి రేణువుల సూక్ష్మత, ఖనిజ వర్ణాల స్థిరత్వం – ఇదంతా రసాయనశాస్త్రమే. గుణపాఠంగా రాయని రసాయనశాస్త్రం.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. తొమ్మిదో తరగతి ‘మిశ్రమాలు’ పాఠానికి చేర్యాల కళను సమన్వయించాలి. ఒక పద్ధతిలో, ద్రావణం, అవలంబనం, కాంజికాభ కణద్రావణం అనే పదాలను ఎర్రటి నేపథ్యంమీద చేర్యాల శైలి బొమ్మలతో చార్టుగా వేస్తారు. మరో పద్ధతిలో, సుద్దమట్టి నీళ్లలో ఎందుకు అడుగుకు చేరుతుంది, చింతగింజల అంబలి కలిపితే ఎందుకు చేరదు అని పిల్లలు గుడ్డకు పూసి చూస్తారు. దాన్ని నేర్పడానికి నకాషీ కళాకారుడు ఉపాధ్యాయుడి పక్కన నిలబడతాడు. మొదటి పద్ధతిలో కళ నుంచి శైలిని తీసుకుని జ్ఞానాన్ని వదిలేశాం. రెండవ పద్ధతిలో జ్ఞానాన్ని గుర్తించాం, జ్ఞాతను కూడా గుర్తించాం.

ఈ గుర్తింపు సామాజిక న్యాయానికి సంబంధించింది. వరంగల్ ప్రాంతంలో పుట్టిన కంచ ఐలయ్య 2007లో వెలువడిన ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్’ అనే బాలల పుస్తకంలో కుమ్మరి, చాకలి, మాదిగ, రైతు మొదలైనవారి పనుల్లోని విజ్ఞానాన్ని, శ్రమ గౌరవాన్ని ప్రతిపాదించారు. ఆ పుస్తకానికి గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేశారు. చేతిపనిని బుద్ధి నుంచి వేరుచేసి, చేతిపని చేసేవారిని చదువు నుంచి దూరం చేసిన చరిత్ర మనది. ఆ చరిత్రను మరచి, ఆ చేతులు సృష్టించిన రూపాలను మాత్రం పాఠశాల అలంకరణకు వాడుకుంటే, పాత అన్యాయానికి కొత్త రంగు పూసినట్టవుతుంది.

కులపురాణాలను తరగతిలోకి తేవడంలో మరో చిక్కు ఉంది. సృష్టికి ముందే జాంబవుడు పుట్టాడని జాంబపురాణం చెబుతుంది. భూమి పుట్టుకను గురించిన విజ్ఞాన పాఠం పక్కన దీన్ని ఎలా నిలపాలి? వాస్తవ చరిత్రగా బోధించడం విజ్ఞానానికి ద్రోహం. మూఢనమ్మకంగా కొట్టివేయడం అణగారిన ఒక సమాజం తన తొలి గౌరవాన్ని ప్రకటించుకున్న కంఠానికి ద్రోహం. ఇక్కడ కూడా చిత్రతురగ న్యాయమే శరణ్యం. పటంలోని జాంబవుడు భూగర్భశాస్త్ర సాక్షి కాడు. ‘మేము తర్వాత వచ్చినవాళ్లం కాము’ అన్న మానవ ప్రకటనకు రూపం. ఈ తేడా చెప్పగల ఉపాధ్యాయుడు విజ్ఞానాన్నీ సాహిత్యాన్నీ రెండింటినీ కాపాడతాడు.

విధానాల్లో ఈ దగ్గరి వనరు ఎలా జారిపోతుందో కూడా గమనించాలి. సి.బి.ఎస్.ఇ. 2020లో ఒకటి నుంచి పదో తరగతి వరకు కళాసమన్విత ప్రాజెక్టులను తప్పనిసరి చేస్తూ, కనీసం ఒకటి ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కింద జతకూర్చిన రాష్ట్రపు కళమీద ఉండాలంది. తెలంగాణకు జత హర్యానా. ఇతర ప్రాంతాల కళ తెలుసుకోవడం మంచిదే. అయితే కాజీపేట విద్యార్థి హర్యానా కళను ఇంటర్నెట్ బొమ్మల్లో చూసి గీస్తాడు. చేర్యాల పటాన్ని చేత్తో తాకి చూడగలడు. చేతికందని కళ శైలిగా మాత్రమే మిగులుతుంది.

ఆక్షేపణలు – సమాధానాలు

ఈ ప్రతిపాదనకు మూడు ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది, ఫలితం గురించి. కళలు నేర్చుకుంటే ఇతర పాఠ్యాంశాల్లో మార్కులు పెరుగుతాయన్న వాదానికి గట్టి ఆధారం ఉందా? ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ 2000లో అప్పటి అధ్యయనాలను సమీక్షించి, ఎక్కువ కళారూపాల విషయంలో అలాంటి కార్యకారణ సంబంధానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ఈ నిర్ణయాన్ని దాచకుండా అంగీకరించాలి. అది మన ప్రతిపాదనకు బలమే. మార్కుల కోసం కళను తెచ్చినవారు మార్కులు రాకపోతే కళను తీసేస్తారు. చూడడం నేర్పుతుందన్న కారణంగా తెచ్చినవారికి ఆ అవసరం రాదు.

రెండవది, సంకేతాల గురించి. విజ్ఞాన పటం అందరూ ఒకేలా చదవాలంటే కట్టుబాటు ఉండాలి. ప్రతి విద్యార్థీ తనకు తోచినట్టు గుండెను గీస్తే ఎలా? ఇది న్యాయమైన ప్రశ్న. ఛందస్సు నేర్చినవాడే యతి ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో చెప్పగలడు. కట్టుబాటును నేర్పాలి, అది కట్టుబాటని కూడా నేర్పాలి. మందార పుష్పాన్ని చూసినట్టు గీసిన పటం, పుస్తకంలోని నమూనా పటం – రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘తేడా ఎందుకు వచ్చింది?’ అని అడిగితే, ఆ ఒక్క ప్రశ్నలో కళాసమన్వయం పూర్తవుతుంది. దానికి చార్టు అక్కరలేదు.

మూడవది, మనుషుల గురించి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడుల్లో విద్యార్థుల సంఖ్య వంద దాటితేనే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంది. వందలోపు పిల్లలున్న పల్లెబడికి ఆ నిబంధన వర్తించదు. అంటే చేర్యాల వంటి కళాగ్రామాల చుట్టుపక్కలి చిన్న బడులే చట్టం దృష్టిలో కళోపాధ్యాయుడు లేకపోయినా నడిచే బడులు. ఈ పరిస్థితిలో సమన్వయమనే మాట కళోపాధ్యాయ నియామకం నుంచి తప్పించుకునే సాకుగా మారే ప్రమాదం ఉంది. అందరూ అన్నింటిలో కళ బోధిస్తున్నారు కాబట్టి కళ బోధించేవారు ఎవరూ అక్కరలేదన్న వాదన అప్పుడు తలెత్తుతుంది. సమన్వయం కళావిద్యకు ప్రత్యామ్నాయం కారాదు. స్వతంత్ర కళావిద్య ఉన్నచోటే అది ఫలిస్తుంది.

ఉపసంహారం

పైన చేసిన పరిశీలన నుంచి మూడు నిర్ణయాలకు రావచ్చు. విజ్ఞాన పాఠంలో చిత్రం అంగంగా ఉండవచ్చు గాని చిత్రంగా పండాలి. పటం సత్యమిథ్యలకు విలక్షణమైన జ్ఞానమని విద్యార్థికి తెలియాలి. అది తెలియడానికి అతడు స్వయంగా గీయాలి. దేశీయ కళ తరగతిలోకి వచ్చినప్పుడు దాని శైలితోపాటు దాని జ్ఞానమూ, దాన్ని కాపాడిన మనిషీ రావాలి.

ఈ మూడింటికీ ఒకే పరీక్ష ఉంది. తరగతిలో గీసిన బొమ్మ పాఠాన్ని ప్రశ్నించినప్పుడు ఏం జరుగుతుంది? ఆ ప్రశ్నను చర్చకు తీసుకున్న బడిలో సమన్వయం ఉంది. మార్కులు తగ్గించి పక్కకు నెట్టిన బడిలో, గోడనిండా ఎన్ని రంగుల చార్టులు వేలాడినా, అది లేదు. వజ్రునికి చిత్రవిద్యను ఉపదేశించినవాడు మార్కండేయుడు. కూనపులివారి పటంలో పద్మశాలీల మూలపురుషుడూ మార్కండేయుడే. శాస్త్రగ్రంథంలో గురువుగా, కులపటంలో తాతగా ఒకే పేరు నిలిచిన సంస్కృతికి విజ్ఞానాన్నీ చేతిపనినీ ఒకే బల్లమీద కూర్చోబెట్టడం అసాధ్యం కాకూడదు.